ఊరికి బాకీ పడదాం!

'ఆ ఊరా... చూసేశాం' అన్నారంటే ఆ పర్యాటకుడు ఇక రానట్టే. చిన్న ఊళ్లకు ఒక్కసారి వచ్చి ఫొటో దిగి వెళ్లేవాళ్లకు కొదవలేదు. మళ్లీ వచ్చేవాళ్లే కరవు. వాళ్లను రప్పించే కిటుకు మన పండగల్లోనే ఉంది.

నెల్లూరు స్వర్ణాల చెరువు. మోకాళ్ల లోతు నీళ్లలో, తలమీద కొంగు కప్పుకుని ఒకావిడ 'ఉద్యోగం రొట్టె... ఉద్యోగం రొట్టె' అని కేకేస్తోంది. డిగ్రీ చేతికొచ్చి ఏడాదైన కుర్రాడొకడు నీళ్లు చిమ్ముకుంటూ వచ్చి అందుకున్నాడు. ఏటా మొహర్రం వేళ బారాషహీద్ దర్గా దగ్గర ఇలాంటివి ఎన్నో చూడొచ్చు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, చివరికి వీసా రొట్టె కూడా. కోరిక తీరినవాళ్లు మరో ఏడాది రొట్టె పట్టుకొచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్లకు ఇవ్వాలి. 2015లో రాష్ట్ర పండగైన ఈ వేడుకకు మళ్లీ రమ్మని ఎవరూ బొట్టు పెట్టి పిలవరు. రొట్టె బాకీ ఉంది, అందుకే వస్తారు.

మేడారంలోనూ అంతే. రెండేళ్లకోసారి జాతర. అక్కడ కొత్తగా చూడ్డానికేమీ ఉండదు. అయినా తల్లులకు ఒప్పుకున్న బెల్లం 'బంగారం' చెల్లించాలిగా! మనిషిని వెనక్కి లాగేది చూడాల్సిన వింత కాదు, తీరాల్సిన బాకీ.

అరపూట ఊరు

ఇప్పుడు భూదాన్ పోచంపల్లికి వెళ్దాం. హైదరాబాద్‌కు సుమారు 45 కిలోమీటర్లు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిస్తానని లేచి నిలబడ్డ ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ 32 దేశాల నుంచి ఎంపిక చేసిన 44 ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఇదీ ఉంది. ఇంత పేరున్నా పొద్దున కారెక్కితే వినోబా మందిరం, మగ్గం పక్కన సెల్ఫీ, దుకాణంలో ఓ చీర... మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. నగరానికి ఇంత దగ్గరగా ఉండటం ఆ ఊరికి నష్టంలా కనిపిస్తుంది. కానీ గంటన్నర దూరంలోని ఊరికి ఏడాదిలో నాలుగుసార్లు వెళ్లడం కష్టమేం కాదు. వెళ్లడానికి పని ఉండాలి, అంతే.

ఆ పని మగ్గం దగ్గరే ఉంది. ఇక్కత్ చీర ఒక్క పూటలో చూసేది కాదు. ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పి సర్దాలి. గళ్ల కాగితం మీద గీసుకున్న డిజైన్ ప్రకారం చిటికి కట్టాలి, అంటే రంగు అంటకూడని చోట దారాన్ని రబ్బరు పట్టీలతో బిగించాలి. రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచాలి. ఆ తర్వాతే నేత. ఆసు పోసీ పోసీ తల్లి పడే భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. వారాలు పట్టే ఈ పనిలో అరపూట అతిథికి కనిపించేది ఒక ముక్క మాత్రమే.

ఇంట్లో పెళ్లి కుదిరిందనుకోండి. తయారైన చీర కొనే బదులు చెప్పి నేయించుకుంటే? మొదటిసారి రంగులు ఎంచుకుని బయానా ఇస్తారు. రెండోసారి పెళ్లికూతురే వచ్చి ఒక చిటికి కడుతుంది. మూడోసారి మగ్గం మీద సగం చీర చూస్తారు. ఒక పడుగు మీద వరసగా కొన్ని చీరలు నేస్తారు కాబట్టి, ఆ పడుగు పంచుకున్న కుటుంబాలన్నిటికీ చీరలు దించే రోజు ఒక చిన్న వేడుక పెట్టొచ్చు. నాలుగు రాకలంటే ఊళ్లో నాలుగు భోజనాలు, ఆటోవాలాకు నాలుగు బేరాలు, కుదిరితే ఓ రాత్రి బస. కొత్తవాణ్ని రప్పించాలంటే హోర్డింగు కావాలి. పాతవాడైతే తోడల్లుణ్ని కూడా వెంటబెట్టుకొస్తాడు.

ఒక్కటి మరవొద్దు. నేతన్న ఇల్లు ప్రదర్శనశాల కాదు. మన ప్రశ్నల కోసం గంటసేపు మగ్గం ఆగితే ఆ గంట కూలి పోయినట్టే. చూపించే సమయానికీ డబ్బు కట్టాలి, అది నేరుగా ఆ ఇంటికే చేరాలి.

పూత చూస్తే పండు బాకీ

మగ్గం లేని ఊళ్లకు కాలమే మగ్గం. అరకు అంటే మనకు చలికాలపు మంచే గుర్తొస్తుంది. వలిసె పూలు కొండవాలుకు పసుపు పూసేదీ, కాఫీ పండ్లు ఎర్రబడేదీ ఆ చలిలోనే. కానీ వేసవి జల్లు పడగానే, మార్చి-ఏప్రిల్‌లో కాఫీ తోట తెల్లగా పూసి మల్లెతోటలా గుబాళిస్తుంది. ఆ పూత చూసినవాళ్లకు పండు చూడటం బాకీ. వానల్లో వస్తే నిండుగా దూకే కటికి జలపాతం. చలికాలం వారాంతాల్లో గది దొరకని చోటే, మిగతా నెలల్లోనూ నాలుగు గదులు నిండుతాయి.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఊరి పేరు పక్కన ఎర్ర గుండె బొమ్మ వేసిన బోర్డు ఒక్క ఫొటోకే పనికొస్తుంది. దాన్ని చూడ్డానికి రెండోసారి ఎవరొస్తారు? కావాల్సింది శుభ్రమైన మరుగుదొడ్డి, చీకటి పడ్డాకా దొరికే బస్సు, అందరికీ ఒకే ధర. వాటితోపాటు, వచ్చినవాళ్ల పేరూ ఫోన్ నంబరూ రాసుకుని, పూత మొదలవగానే 'రండి' అని కబురుపెట్టే మనిషి ఒకరు.

మనం గడప దాటేటప్పుడు 'వెళ్తాం' అనం, 'వెళ్లొస్తాం' అంటాం. ఆ మాట అనడం మనకెలాగూ అలవాటే. ఏ రోజు రావాలో చెప్పాల్సింది ఊరే.