పీపాలో పొట్టి చెక్క

ఒక పరిశోధన ముందుకు సాగనప్పుడు లోపించినది ధనమా, పరికరమా, రోగియా, ఊహయా? ఈ ప్రశ్నకు సరైన సమాధానం దొరికిన చోటనే శాస్త్రం ముందడుగు వేసింది.

కోల్‌కతా నగరపు దక్షిణ భాగాన ఉన్న ఏక్‌బాల్‌పూర్ జనసమ్మర్దం గల పేట. దానికి పడమట ఖిదిర్‌పూర్ రేవు, తూర్పున అలీపూర్ జంతు ప్రదర్శనశాల ఉన్నాయి. అక్కడినుండి ఈశాన్యంగా సాగి, ఆదిగంగ కాలువ దాటితే, నడిచి చేరగలిగినంత దూరంలో ఒక పెద్ద ప్రభుత్వ వైద్యశాల ఎదురవుతుంది. పూర్వం దాని పేరు ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి. 1898లో అక్కడి చిన్న ప్రయోగశాలలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు మలేరియా దోమకాటు ద్వారా సంక్రమిస్తుందని నిరూపించారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. ఈ కథ అందరూ ఎరిగినదే. అయితే, ఆ పనికి అంతకు పూర్వం మూడేళ్ళపాటు అడ్డుపడినది ఏమిటన్న విషయం అంతగా ప్రచారంలో లేదు.

పంతొమ్మిదవ శతాబ్దంలో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ వ్యవసాయ రంగంలో ఒక సూత్రాన్ని ప్రచారం చేశారు. పైరు ఎదుగుదలను నిర్ణయించేది సమృద్ధిగా ఉన్న పోషకం కాదు, అన్నిటికంటె కొరతగా ఉన్న పోషకం. భాస్వరం చాలని పొలంలో ఎంత నత్రజని చల్లినా పంట పెరగదు. తరువాతివారు దీనిని ఒక పీపాతో పోల్చారు. పీపా చెక్కలలో ఒకటి పొట్టిదైతే, మిగిలినవి ఎంత పొడవున్నా నీరు ఆ పొట్టి చెక్క మట్టానికే నిలుస్తుంది. పరిశోధనకు కూడా ఈ న్యాయం వర్తిస్తుంది. చిక్కంతా ఆ పొట్టి చెక్క ఏదో గుర్తించటంలోనే ఉంది.

ఒకే వైద్యుడు, మూడు కొరతలు

1895లో రాస్ సికింద్రాబాదు చేరుకునేటప్పటికి ఆయన వద్ద మంచి సూక్ష్మదర్శిని ఉంది. రోగులకు కొదవ లేదు. దోమకూ మలేరియాకూ సంబంధం ఉండవచ్చునన్న ఊహను లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అప్పటికే ఆయనకు అందించారు. రెండేళ్ళకు పైగా రాస్ దోమలను కోసి పరీక్షించారు. కన్నులు మసకబారేవరకు శ్రమించినా ఫలితం శూన్యం. ఓర్పులోగాని, నైపుణ్యంలోగాని లోటు లేదు. ఆయన చేతికి వచ్చినవి వేరే జాతి దోమలు. మలేరియా క్రిమి వాటిలో పెరగదు.

1897 ఆగస్టులో ఆయన సహాయకులు తెచ్చిన లార్వాలనుండి రెక్కలపై మచ్చలుగల కొత్తరకం దోమలు వెలువడ్డాయి. ఆ దోమలను రాస్ హుసేన్ ఖాన్ అనే రోగిపై వదిలారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ప్రతిఫలం ముట్టింది. ఆగస్టు 20న అటువంటి దోమ ఒకదాని కడుపు గోడలో, మలేరియా క్రిమికి గుర్తయిన నల్లని రేణువులు గల కణాలు ఆయనకు కనిపించాయి. అదే సూక్ష్మదర్శిని, అవే చేతులు. మారినది దోమ ఒక్కటే.

ఆ వెంటనే ప్రభుత్వం ఆయనను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. ఏ దోమను వెదకవలెనో ఇప్పుడు తెలుసు; కాని అక్కడ మలేరియా దాదాపు లేదు. 1898లో కలకత్తా వచ్చాక మరొక చిక్కు ఎదురయింది. ప్లేగు టీకాల భయం నగరాన్ని పట్టి పీడిస్తున్న రోజులవి. సూది చేతబట్టిన తెల్ల వైద్యుని చూస్తే జనం పారిపోయేవారు. ప్రయోగశాల ఉంది, రోగులు లేరు.

రాస్ రోగులకోసం కాచుకొని కూర్చోలేదు. పిచ్చుకలకు, భరతపక్షులకు కూడా ఒక విధమైన మలేరియా సోకుతుంది. ఆ పక్షులు టీకాలకు భయపడవు. వాటిపై ప్రయోగాలు చేసి, 1898 జులైలో క్రిములు దోమ లాలాజల గ్రంథులలోకి చేరటం ఆయన కనుగొన్నారు. అటువంటి దోమలు కుట్టగా ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలు జబ్బుపడ్డాయి. మానవులలో ఇదే క్రమాన్ని ఇటలీలో గ్రాస్సీ బృందం ఆ ఏడాది చివరలో నిరూపించింది.

కుందేలు నేర్పిన పాఠం

కలరా చరిత్ర ఇంతకంటె దీర్ఘమైనది. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలోనే కలరా క్రిమిని శుద్ధరూపంలో వేరుచేశారు. శత్రువు దొరికాడు గనుక విజయం చేరువలోనే ఉన్నదని లోకం భావించింది. అయినా ఆ క్రిమి మనిషి దేహంలోని నీటినంతా ఏ విధంగా తోడివేస్తుందో తెలియటానికి 75 ఏళ్ళు పట్టింది.

ఆ మధ్యకాలంలో క్రిములకు గాని, పరిశోధకులకు గాని కొరత లేదు. లేనిది సరియైన ప్రయోగ జంతువు. క్రిములను జంతువుల నెత్తురులోకో ఉదరకుహరంలోకో ఎక్కించేవారు. అవి చనిపోయేవి, కాని కలరా లక్షణాలతో కాదు. కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే ఈ లోటును పసిగట్టారు. వ్యాధి పేగులలో పుడుతుంది గనుక ప్రయోగం కూడా పేగులోనే జరగాలి. 1953లో ఆయన కుందేలు పేగులో కొంత భాగాన్ని దారంతో కట్టి, అందులోకి క్రిములను ఎక్కించారు. పేగు నీటితో ఉబ్బిపోయింది. 1959లో క్రిములను వడకట్టి తీసివేసిన ద్రవం సైతం అదే పని చేస్తుందని చూపి, హంతకి ఒక విషపదార్థమని తేల్చారు. ఇందుకు కావలసినవి కుందేలు, సూది, దారం. వీటన్నిటికంటె ముందు, లోపం ఎక్కడున్నదన్న వివేకం.

చికిత్సలో కొరత వేరు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాలలో కలరా ప్రబలినప్పుడు, నీరు కోల్పోయిన దేహానికి లవణద్రవం ఎక్కించాలని వైద్యులందరికీ తెలుసు. అయితే బన్‌గావ్ ఆసుపత్రిలో సెలైన్ సీసాలు నిండుకున్నాయి. దానిని నరంలోకి ఎక్కించగల శిక్షితులు అంతకన్న తక్కువ. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంట సోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాగించే ఏర్పాటు చేశారు. చక్కెర తోడుంటే పేగు ఉప్పునూ నీటినీ పీల్చుకుంటుందన్న జ్ఞానం 1960ల నాటికే ఉంది. కొరత నరంలోకి సూది గుచ్చగల చేతులకే అయినప్పుడు, సూదితో పనిలేని మార్గాన్ని ఆయన ఎన్నుకున్నారు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగుకు లోపుగా తగ్గాయి.

నీలి రంగు, నాలుగు టన్నుల పాలకూర

భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితంలో కూడా ఈ సూత్రం రెండు పర్యాయాలు కనిపిస్తుంది. కండరాల రసాయన చర్యలను అర్థం చేసుకోవాలంటే, రక్తమాంసాలలోని స్వల్ప భాస్వరాన్ని త్వరగా, నిక్కచ్చిగా కొలవాలి. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన, నీలిరంగు గాఢతనుబట్టి భాస్వరాన్ని లెక్కకట్టే పద్ధతిని ప్రకటించారు. ఆ కొలబద్ద చేతికి వచ్చాక, కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ వరుసగా బయటపడ్డాయి.

తరువాత ఫోలిక్ ఆమ్లం విషయంలో అడ్డంకి పరిమాణానిది. ప్రకృతిలో అది అత్యల్పం. 1941లో అమెరికన్ శాస్త్రజ్ఞులు రవ్వంత పదార్థంకోసం నాలుగు టన్నుల పాలకూరను వడపోయవలసి వచ్చింది. 1945లో లెడర్లీ సంస్థలో సుబ్బారావు బృందం దానిని కృత్రిమంగా తయారుచేయటంతో ఆ కొరత తీరింది. దాని నిర్మాణాన్ని కాస్త మార్చగా వచ్చిన ఎమినోప్టెరిన్, 1948లో సిడ్నీ ఫార్బర్ చేతిలో రక్తపు క్యాన్సరుతో బాధపడే కొందరు బిడ్డలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించింది.

చెక్క మారుతుంది

ఒక కొరత తీరగానే మరొకటి తలెత్తటం సహజం. ప్రోటీను అణువు ఆకృతిని తెలుసుకోవటానికి పూర్వం ఏళ్ళు పట్టేది. 1971 నుండి ప్రపంచ శాస్త్రజ్ఞులు ఒక భాండాగారంలో పోగుచేసిన ఆకృతుల ఆధారంగా, 2020లో ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటరు విధానం అనేక ప్రోటీన్ల రూపాన్ని కచ్చితంగా ఊహించగలిగింది. అంతమాత్రాన మందులు అంత వేగంగా రాలేదు. మందు మనిషికి మేలు చేస్తుందో కీడు చేస్తుందో తేల్చే పరీక్షలకు ఏళ్ళు పడుతూనే ఉన్నాయి. రోగి దేహం కంప్యూటరు వేగాన్ని అనుసరించదు.

అందుచేత పరిశోధనకు ధనమిచ్చేవారు, దానిని నిర్వహించేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఇప్పుడున్నదానికి రెట్టింపు సమకూర్చితే పని నిజంగా వేగవంతమవుతుందా? సికింద్రాబాదులో రాస్‌కు మరో పది సూక్ష్మదర్శినులు పంపినా ప్రయోజనం ఉండేది కాదు. బన్‌గావ్‌కు కలరా క్రిమిపై మరో వంద వ్యాసాలు చేరినా ఒక్క ప్రాణమూ నిలిచేది కాదు. తప్పు చెక్కను పొడిగించటానికి వెచ్చించిన ధనం, కాలం వృథా అవుతాయి. ఆ జాప్యానికి మూల్యం చెల్లించేది ఎక్కడో మంచం పట్టిన రోగి.