పోర్ట్రెయిట్, కబడ్డీ, కృష్ణ ఒడ్డు: మా మెట్ట ప్రాంతంలో ఫోన్ కెమెరా ఎంతవరకు పనికొస్తుంది?

కొత్త ఫోన్ కొనేవాళ్ళు కెమెరా గురించి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని మెగాపిక్సెల్స్?" బాక్స్ మీద ఆ అంకె పెద్దగా కనిపిస్తుంది కాబట్టి అడగడం సహజమే. కానీ ఆ కెమెరాతో ఎవరిని తీస్తాం, ఎక్కడ తీస్తాం, తీసిన ఫొటోని ఏం చేస్తాం అన్నది ఏ స్పెసిఫికేషన్స్ లిస్టులోనూ ఉండదు. ఈ ఆర్టికల్‌లో దాని గురించే మాట్లాడుకుందాం.

నేను ప్రొఫెషనల్‌ని కాదు. నాకు ఉద్యోగం వేరే ఉంది. ఆదివారాలు, పండగ సెలవులు మాత్రం ఫొటోలకే. తిరిగేది ఎక్కువగా జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్ళు. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం అంటే ఇదే. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. మిరప, పత్తి పండే నేల. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క మున్నేరు, రెండు పట్టణాలనూ కలుపుతూ 65వ నంబర్ జాతీయ రహదారి.

నా దగ్గరున్న సరంజామా చిన్నదే. 50 మెగాపిక్సెల్ మెయిన్ కెమెరా, 2ఎక్స్ జూమ్ ఉన్న మిడ్ రేంజ్ ఫోన్ ఒకటి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఏపీఎస్-సీ కెమెరా, దానికి 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, 55-250 ఎంఎం జూమ్ లెన్స్. పోర్ట్రెయిట్లు, ఆటలు, ప్రయాణాలు, ఈ మూడింటిలో దేనికి ఏది పనికొచ్చిందో వరసగా చెప్తాను.

పోర్ట్రెయిట్: ఇక్కడ ఫోనే హీరో

మా వైపు పెద్దవాళ్ళని ఫొటో తీస్తానంటే ముందు వచ్చే మాట ఇది: "ఇప్పుడెందుకు నాయనా, గోడకెక్కించడానికా?" నవ్వుతూనే అంటారు కానీ ఆ మాటలో నిజం ఉంది. చాలా ఇళ్ళల్లో పెద్దాళ్ళ ఫొటో అవసరం పడేది వాళ్ళు పోయాకే. పెద్దకర్మ దగ్గర పడుతుంటే ఆధార్ కార్డునో, ఎప్పటిదో పెళ్ళి గ్రూప్ ఫొటోనో పట్టుకుని స్టూడియోకి పరిగెత్తుతారు. వెనక వరసలో ఉన్న ముఖాన్ని కత్తిరించి, పెద్దది చేసి, వెనకాల నీలం రంగు వేసి ఇస్తారు. దండ వేస్తారు సరే, ఆ ఫొటోలో మనిషి పోలిక సగమే ఉంటుంది.

అందుకే నా దృష్టిలో ఫోన్ కెమెరా చేయగలిగిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే: మనిషి ఉండగానే, వాళ్ళ ఇంట్లోనే, వాళ్ళు రోజూ కూర్చునే చోట ఒక మంచి ఫొటో. పైగా పెద్ద కెమెరా బయటికి తీస్తే మామ్మలు బిగుసుకుపోతారు, జుట్టు దువ్వుకొస్తామని లోపలికెళ్తారు. ఫోన్ అయితే మాటల్లో పెట్టి తీసేయొచ్చు. అయితే తీసే ముందు అడగండి, తీశాక చూపించండి. వద్దంటే డిలీట్ చేసేయండి.

నేను పాటించే పద్ధతులు ఇవి:

దూరం. ముఖానికి అడుగు దూరంలో ఫోన్ పెడితే ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా వస్తాయి. ఐదారు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టండి. మనిషి మనిషిలా కనిపిస్తారు.

వెలుగు. ఎర్రటి ఎండలో వద్దు. అరుగు మీదో, వసారాలోనో, గుమ్మం పక్కనో నీడలో కూర్చోబెట్టి ముఖం వెలుగు వైపు తిప్పితే చాలు. ఏ లైటూ కొనక్కర్లేదు.

బ్యూటీ మోడ్ ఆఫ్. చాలా ఫోన్లలో ముఖాన్ని నున్నగా చేసే ఆప్షన్ ఉంటుంది. డెబ్భై ఏళ్ళ ముఖం మీద ముడతలు తీసేస్తే మిగిలేది ఇంకెవరో. సెట్టింగ్స్‌లో వెతికి ఆపేయండి.

పోర్ట్రెయిట్ మోడ్ చూసి వాడండి. వెనక మసకగా కనిపించేది చాలావరకు సాఫ్ట్‌వేర్ లెక్క. తలపాగా అంచు, చెదిరిన నెరిసిన జుట్టు, చెవి కమ్మలు, వీటి దగ్గర ఆ లెక్క తప్పుతుంది. పక్కనే ఇంకో ఫొటో మామూలు మోడ్‌లో కూడా తీసి పెట్టుకోండి. నిజమైన బ్లర్ కావాలంటే 50 ఎంఎం ఎఫ్/1.8 లాంటి లెన్స్ బాగుంటుంది, కానీ అది తప్పనిసరి మాత్రం కాదు.

పొలాల్లో తీసేవాళ్ళకి ఇంకో మాట. మిరప కల్లంలో అంతా ఎరుపే. ఫోన్ ఆ ఎరుపుని ఇంకా పెంచేసి కాయకీ కాయకీ తేడా లేకుండా ఎర్ర ముద్ద చేస్తుంది. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 దాకా తగ్గిస్తే కాయల మీద మెరుపు, ముడత తిరిగొస్తాయి. పత్తి చేలో దీనికి తిరగబడుతుంది. అంత తెలుపు చూసి కెమెరా ఫొటోని చీకటి చేస్తుంది, పత్తి తీసే ఆడవాళ్ళ ముఖాలు నల్లబడతాయి. అక్కడ ప్లస్ 0.7 పెట్టండి. ఒకే ఊళ్ళో, పక్కపక్క చేలల్లో, ఒకే ఫోన్‌కి రెండు సెట్టింగ్‌లు!

ఆటలు: ఇక్కడ ఫోన్‌కి ఊపిరాడదు

సంక్రాంతికీ తిరునాళ్ళకీ మా వైపు ఆటలు బాగానే జరుగుతాయి: కబడ్డీ, వాలీబాల్, ఎడ్ల బండలాగుడు పోటీలు. ఫోన్ పరిమితులు తెలిసేది ఇక్కడే.

కబడ్డీనే తీసుకోండి. రైడ్‌కి ఉండేది 30 సెకన్లు, అందులో అసలు టచ్ కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. రైడర్ చెయ్యి సెకనుకి 5 మీటర్ల వేగంతో కదిలిందనుకోండి. షట్టర్ 1/100 సెకను ఉంటే ఆ కొంచెం సేపట్లోనే చెయ్యి 5 సెంటీమీటర్లు జరుగుతుంది. ఫొటోలో వేళ్ళు కనపడవు, పొగ కనపడుతుంది. 1/1000 పెడితే జరిగేది 5 మిల్లీమీటర్లే. పగటిపూట అయితే ఫోన్ ప్రో మోడ్‌లో 1/1000 సులువుగా వస్తుంది. రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద అంత వేగం పెడితే ఐఎస్ఓ పెరిగి ఫొటో అంతా గరుకుగా వస్తుంది, ఫోన్ ఆ గరుకుని తుడిచేస్తూ ముఖాలనీ తుడిచేస్తుంది.

రాత్రిపూట ఇంకో చిక్కు కూడా ఉంది. మన కరెంట్ 50 హెర్ట్జ్. మామూలు రకం లైట్లు చాలావరకు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు కానీ వేగమైన షట్టర్ దాన్ని పట్టేస్తుంది, ఫొటోలో అడ్డంగా నల్ల చారలు పడతాయి. 1/100 పెడితే చారలు పోతాయి, కానీ ఆట మసకవుతుంది. నా కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఆప్షన్ ఉంది కాబట్టి రాత్రి మ్యాచ్‌లకు దాన్నే తీసుకెళ్తాను, 50 ఎంఎం లెన్స్‌తో కోర్టు గీత పక్కనే కూర్చుంటాను.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళు నిరాశపడక్కర్లేదు. కదలిక ఆగే క్షణం కోసం చూడండి. వాలీబాల్‌లో స్మాష్ కొట్టడానికి ఎగిరిన కుర్రాడు పైకి వెళ్ళాక, కిందకు దిగే ముందు ఒక్క క్షణం గాల్లో ఆగినట్టు ఉంటాడు. ఆ క్షణంలో 1/250 కూడా సరిపోతుంది. ఎప్పుడు ఎగురుతాడో ఆట తెలిసినవాడికి ముందే తెలుస్తుంది. అందుకే స్పోర్ట్స్ ఫొటోగ్రఫీలో సగం పని ఆటని అర్థం చేసుకోవడమే.

బండలాగుడు పోటీల సంగతి వేరు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ ఎడ్ల వయసుని బట్టి విభాగాలు ఉంటాయి. ఇచ్చిన సమయంలో ఏ జత బండని ఎక్కువ దూరం లాగితే దానిది గెలుపు. ఇక్కడ వేగం తక్కువ, బలం ఎక్కువ. ఒంగోలు గిత్తల మెడ నరాలు, కాళ్ళ కింద లేచే దుమ్ము, పక్కన పరిగెత్తే మనుషుల ముఖాలు, ఇవీ ఫొటోలు. దగ్గరకు వెళ్ళకూడదు, బెదిరిన ఎడ్లు ఎటు తిరుగుతాయో ఎవరూ చెప్పలేరు. కాబట్టి 250 ఎంఎం జూమ్ ఇక్కడ సోకు కాదు, క్షేమం. ఏపీఎస్-సీ మీద అది దాదాపు 400 ఎంఎంతో సమానం. ఫోన్ డిజిటల్ జూమ్‌ని అంత దూరం లాగితే మిగిలేది ఎద్దు ఆకారమే.

ప్రయాణాలు: గేర్ కన్నా టైమ్ ముఖ్యం

ఊరి దగ్గరే తిరగడం కూడా ట్రావెల్ ఫొటోగ్రఫీయే. జగ్గయ్యపేటలో ధనంబోడు అనే దిబ్బ ఉంది. పాత బౌద్ధ స్తూపం. జేమ్స్ బర్జెస్ అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద 1887లో పుస్తకం వేశాడు. ఇక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఇలాంటి చోట మధ్యాహ్నం వెళ్తే రాళ్ళన్నీ బల్లపరుపుగా వస్తాయి, చెక్కడం ఉన్నా కనిపించదు. ఉదయం 7 గంటల లోపు వెళ్ళండి. ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడి, చిన్న గీత కూడా నీడతో లేచి కనిపిస్తుంది. ఈ పనికి మామూలు ఫోన్ చాలు. ట్రైపాడ్ వాడాలంటే మాత్రం ముందే అనుమతి అడగండి.

వేదాద్రిలో కృష్ణ ఒడ్డున నరసింహస్వామి గుడి ఉంది. నది మీద పొద్దున్నే వెలుగు బాగుంటుంది. ఆకాశం మీద ట్యాప్ చేసి ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గిస్తే నీళ్ళ మీద రంగు నిలుస్తుంది. స్నానాలు చేసేవాళ్ళని మాత్రం ఫ్రేమ్‌లోకి తీసుకోకండి. గుడిలో మూలవిరాట్టు ఫొటో జోలికి వెళ్ళకండి.

మున్నేరు ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి ఉంది. రెండేళ్ళకోసారి అమ్మవారి విగ్రహాలను రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకొస్తారు, మళ్ళీ ఊరేగింపుగా తీసుకెళ్తారు. ఆ జనంలో లెన్స్ మార్చుకునే సందు ఉండదు. ఫోన్ ఒకటే చేతిలో ఉంచుకుని, బ్యాటరీ నిండా పెట్టుకుని వెళ్ళడం మేలు.

తీశాక ఏం చేస్తున్నారు?

అసలు విషయం ఇక్కడుంది. 50 మెగాపిక్సెల్ ఫోన్ మామూలుగా నాలుగు పిక్సెళ్ళని ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తుంది. 8×12 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐ దగ్గర కావాల్సింది 2400×3600 పిక్సెళ్ళు, అంటే 8.6 మెగాపిక్సెల్స్. ఫోన్ ఫొటో గోడ మీద ఫ్రేమ్‌కి హాయిగా సరిపోతుంది.

కానీ ఆ ఫొటో స్టూడియోకి ఎలా చేరుతోంది? వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు రమారమి 1600 పిక్సెళ్ళకు కుదించుకుపోతుంది. 300 డీపీఐ దగ్గర అది ఐదున్నర అంగుళాలు కూడా రాదు. ఫోన్‌కి పోసిన డబ్బంతా అక్కడే పోతోంది! 2023లో హెచ్‌డీ ఆప్షన్ వచ్చింది, కొంత నయం. ఇంకా మంచిది, డాక్యుమెంట్‌గా పంపండి. ఒరిజినల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది.

బ్యాకప్ కూడా మర్చిపోవద్దు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకే నీళ్ళొచ్చాయి. ఇంట్లోకి నీళ్ళొస్తే ఆల్బమ్ తడుస్తుంది, ఫోన్ కూడా తడుస్తుంది. ఒక కాపీ క్లౌడ్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర, ఒకటి కాగితం మీద ఉంచండి.

ఫైనల్ వెర్డిక్ట్

పెద్దవాళ్ళ ఫొటోలు, ఊళ్ళు, గుళ్ళు, ప్రయాణాలు మీ ఇష్టమైతే మంచి మిడ్ రేంజ్ ఫోన్ చాలు. 200 మెగాపిక్సెల్ కోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు, 2ఎక్స్ జూమ్ బాగుందో లేదో చూసుకోండి. రాత్రి ఆటలు, ఎడ్ల పోటీలు మీ పిచ్చి అయితే ఖరీదైన ఫోన్ కన్నా సెకండ్ హ్యాండ్ కెమెరా, ఒక జూమ్ లెన్స్ మేలు.

చివరగా ఒక విషయం. ధనంబోడు స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటి శాసనం దొరికింది. సిద్ధార్థుడనే శిల్పి ఐదు ఆయక స్తంభాలు పెట్టించి, తనతో పాటు తన ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా రాతి మీద రాయించాడు. అది సుమారు 1700 ఏళ్ళ నాటి మాట. మన దగ్గర రాయి లేకపోయినా జేబులో కెమెరా ఉంది. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళ ఫొటో ఒకటి తీసి, ప్రింట్ వేయించి, వెనకాల పేరు, ఊరు, తేదీ రాసి, వాళ్ళ చేతికే ఇవ్వండి.