రక్తమునందలి ఇన్సులిన్ కొలత

ఈనాడు పట్టణములలో ‘హెల్త్ చెకప్’ పేరిట రక్తమిచ్చి వచ్చిన వారికి మఱునాడు చేతికందు కాగితములలో, కొలెస్టరాల్, థైరాయిడ్ అంకెల నడుమ, ‘ఫాస్టింగ్ ఇన్సులిన్’ అను పంక్తి యొకటి తఱచుగా కానవచ్చుచున్నది. ఆ యంకె ప్రక్కన అచ్చువేసిన హద్దులలో నున్నచో ఊరట చెందువారును, హద్దు మీఱినచో బెంబేలు పడువారును గలరు. కాని ఈ రెండును తొందరపాటులే. రక్తములోని చక్కెరతో జతపఱచి చూడనిదే ఇన్సులిన్ అంకెకు అర్థము లేదు.

1921లో టొరంటో నగరమున బాంటింగ్, బెస్టులు ఇన్సులిన్‌ను వెలికి తీసిన పిమ్మట మూడు దశాబ్దములకు పైగా, దానిని మందుగా ఎక్కించుటయే గాని, రోగి రక్తమునందు అది యెంత యున్నదో నిక్కముగా తేల్చు ఉపాయము వైద్యులకు లేకుండెను. పరగడుపున ఒక మిల్లీలీటరు రక్తమునందుండు ఇన్సులిన్, గ్రాములో నూఱుకోట్లవ వంతులో తఱచు సగమైనను ఉండదు. కుందేళ్లకు ఎక్కించి వాని చక్కెర యెంత తగ్గునో చూచి మందు బలమును నిర్ణయించు నాటి పద్ధతి ఇంతటి సూక్ష్మమునకు ఏమి చాలును?

న్యూయార్కులోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో రోజలిన్ యాలో అను భౌతికశాస్త్రజ్ఞురాలును, సాలమన్ బెర్సన్ అను వైద్యుడును వేఱొక విషయమును వెదకుచు ఈ చిక్కును విప్పిరి. రేడియోధార్మిక అయొడిన్ తగిలించిన ఇన్సులిన్‌ను మనుష్యులకు ఎక్కించి చూడగా, అంతకుముందే ఆ సూదిమందు వాడిన వారి రక్తములో అది త్వరగా తొలగక చాలసేపు నిలిచెను. వారి శరీరము పుట్టించిన ప్రతిరక్షకములు దానిని పట్టియుంచుటయే ఇందుకు హేతువని తేలెను. ఇంత చిన్న ప్రోటీన్‌కు ప్రతిరక్షకము పుట్టుట కల్లయని పండితులు పట్టుబట్టగా, ఆ మాటను శీర్షికనుండి తీసివేసిన పిదప గాని 1956లో వారి వ్యాసము అచ్చు కాలేదు! పండితుల సంశయము ఒక్కొక్కప్పుడు ఇట్లుండును.

ఆ ప్రతిరక్షకమే పిదప కొలతకు సాధనమయ్యెను. కొద్దిపాటి ప్రతిరక్షకమును, రేడియోధార్మికమైన ఇన్సులిన్ కొంతయు తీసికొని, వానికి రోగి రక్తరసమును చేర్చినచో, రోగి ఇన్సులిన్ ఎంత హెచ్చుగా నున్న అంతగా ఆ గుర్తు వేసిన ఇన్సులిన్ తావు దొరకక విడివడును. విడివడిన దానిని లెక్కించిన రోగి లెక్క తేలును. 1960లో ప్రకటితమైన ఈ విధానముతో వైద్యలోకమునకు ఒక వింత గోచరించెను: నడివయసు దాటి మధుమేహము సోకిన వారిలో పలువురకు ఇన్సులిన్ కొఱత లేకపోగా, ఆరోగ్యవంతులకంటె హెచ్చుగా నుండెను. లోపము సరఫరాలో కాదు, దానిని శరీరము లక్ష్యపెట్టకపోవుటలో! వారిరువురును ఈ విధానమునకు పేటెంటు కోరలేదు. 1977లో యాలోకు నోబెల్ బహుమానము వచ్చునాటికి బెర్సన్ గతించి ఐదేండ్లయ్యెను.

ఇక కాగితముపై నున్న అంకెను చదువుట యెట్లు? పరగడుపున ఇన్సులిన్ పది మైక్రోయూనిట్లు వచ్చినదనుకొందము. అప్పుడు చక్కెర 81 ఉన్నచో చింతింప బనిలేదు. అదే పదికి తోడుగా చక్కెర 162 ఉన్నచో, ‘నార్మల్’ అని ముద్ర పడినను, ఆ ఇన్సులిన్ చాలుటలేదనియు, దాని మాట శరీరము వినుటలేదనియు గ్రహింపవలెను. చక్కెర 40కి పడిపోయి కూడ పది యున్నచో అది మిక్కిలి ప్రమాదసూచకము. చక్కెర 55 కంటె తగ్గినపుడు ఆరోగ్యవంతుని క్లోమము ఇన్సులిన్‌ను మూడు మైక్రోయూనిట్లకు లోపునకు దించివేయును. ఒక్క అంకెకే మూడు తీర్పులు! చక్కెర సరిగానే యుండి ఇన్సులిన్ మాత్రము ఇరువదియైదు ముప్పదులకెక్కిన, బండి సాఫీగా సాగుచున్నను ఎద్దులు రొప్పుచున్నవన్నమాట. ఈ రెండంకెలను గుణించి 405చే భాగించు ‘హోమా’ లెక్కను ఆక్స్‌ఫర్డు పరిశోధకులు 1985లో ప్రకటించిరి. పై మొదటి యుదాహరణమున అది 2, రెండవదాన 4.

చక్కెర అకారణముగా పడిపోవు వారి విషయమున ఇన్సులిన్‌తోపాటు సి-పెప్టైడ్‌ను కూడ కొలుతురు. క్లోమము ఇన్సులిన్‌ను విడుదల చేయునపుడెల్ల దానితో సమసంఖ్యలో ఈ తునకయు వెలువడును. సీసాలోని సూదిమందులో ఇది యుండదు. కావున ఇన్సులిన్ హెచ్చుగాను సి-పెప్టైడ్ స్వల్పముగాను ఉన్నచో ఇన్సులిన్ వెలుపలినుండి వచ్చినదని తెలియును. రెండును హెచ్చినచో క్లోమమున గడ్డయో, చక్కెరను తగ్గించు మాత్రల ప్రభావమో యని వెదకవలెను.

మధుమేహమును నిర్ణయించుటకు మాత్రము ఈ పరీక్ష అక్కఱలేదు. పరగడుపు చక్కెర 126కు, లేక హెచ్‌బీఏ1సీ 6.5 శాతమునకు చేరుటయే అందులకు గుఱుతు. ఒక ల్యాబు అంకెను మఱియొక ల్యాబు అంకెతో పోల్చుటయు నిష్ఫలము, పద్ధతులు వేఱగుటచే. రక్తము తీయునపుడు ఎఱ్ఱకణములు చితికినచో వానిలోని ఎంజైము ఇన్సులిన్‌ను హరించి అంకెను తగ్గించును. జుట్టు రాలకుండుటకై బయోటిన్ మాత్రలు మ్రింగువారు ఆ సంగతిని ముందుగనే చెప్పుట మేలు. కొన్ని యంత్రములు దానివలన తప్పుడు ఫలితమిచ్చును.