వారెంటు ఉన్నదో లేదో తెలుసుకోవడం ఎలా?

పెండ్లికి ఇంక తొమ్మిది రోజులున్నది. శుభలేఖలు పంచడం కూడా అయిపోయింది. గుడివాడ దగ్గర మా బంధువుల ఊరిలో ఒకనాటి సాయంత్రం కానిస్టేబులు ఒకాయన వచ్చి, పెండ్లికొడుకు పేరు చెప్పి, "ఇంట్లో ఉన్నాడా అమ్మా?" అని అడిగాడు. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం. తల్లి హడలిపోయి "లేడండీ" అన్నది. "వారెంటు ఉన్నది, కోర్టుకు వచ్చి కనబడమనండి" అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ఆ రాత్రి అబ్బాయి నాకు ఫోను చేశాడు. "బాబాయ్, ఆ బోదె కేసు ఎప్పుడో రాజీ అయిపోయింది గదా!"

నిజమే, రాజీ అయింది. ఏడేండ్ల క్రిందట నీటి వంతు దగ్గర బోదె గట్టు మీద తగాదా వచ్చి, ఆరుగురి మీద కేసు పెట్టారు. ఐదుగురు లోక్ అదాలత్‌లో రాజీపడి సంతకాలు చేశారు. ఆనాటికి ఈ అబ్బాయి ఊళ్లో లేడు. వాయిదాలకు రాని అతని కేసును కోర్టు వేరుచేసి, వేరే నంబరు ఇచ్చి, వారెంటు వేసింది. ఊళ్లో పెద్దలందరూ కేసు పోయిందనే అనుకున్నారు. ఐదుగురికి పోయింది, ఆరవవానికి పోలేదు.

మన పల్లెలలో పోలీసు కబురు రాగానే ముందు పరుగెత్తేది పాస్టరుగారి దగ్గరకు, ఆ తరువాత ప్రెసిడెంటుగారి దగ్గరకు. వారు ఎస్.ఐ. గారితో మాట్లాడగలరు గాని వారెంటును తీసివేయలేరు. స్టేషనువారు కూడా తీసివేయలేరు. వారెంటు అనేది కోర్టు వ్రాతపూర్వకంగా ఇచ్చే ఆజ్ఞ. దాని మీద న్యాయాధికారి సంతకము, కోర్టు ముద్ర ఉండాలి. ఇచ్చిన కోర్టు రద్దు చేసేవరకు, లేదా పోలీసులు అమలు జరిపేవరకు అది బ్రతికే ఉంటుంది. పది సంవత్సరాలు గడిచినా దానికి కాలదోషం పట్టదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 70వ సెక్షను. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 72వ సెక్షను. నంబరు మారింది, మాట మారలేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు చెబుతుంటారు, అక్కడ కొన్ని కౌంటీలలో షెరీఫ్ ఆఫీసువారు వారెంట్ల జాబితాను ఎవరైనా చూసుకొనేటట్లు ఉంచుతారని. మన దగ్గర అటువంటి జాబితా ఒకచోట దొరకదు. స్టేషను బోర్డు మీద వ్రాసేది అరెస్టు అయినవారి పేర్లు మాత్రమే, కాబోయేవారివి కావు. అందుచేత మనం వారెంటును వెదకడం కాదు, కేసును వెదకాలి. కేసు దొరికితే వారెంటు సంగతి అందులోనే తెలుస్తుంది.

ఇప్పుడు కోర్టుల కేసుల వివరాలు ఈ-కోర్ట్స్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోను, అదే పేరుగల ఫోను యాప్‌లోను ఉచితంగా చూడవచ్చు. ఈ పథకం 2007లో మొదలైంది. ప్రతి కేసుకు పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన సి.ఎన్.ఆర్. నంబరు ఒకటి ఉంటుంది. అది తెలిస్తే ఒక్క నిమిషం పని. తెలియకపోతే జిల్లా, కోర్టు ఎంచుకొని, పార్టీ పేరు, సంవత్సరం వేసి చూడాలి. కేసు నంబరుతోను, ఎఫ్.ఐ.ఆర్. నంబరుతోను కూడా వెదకవచ్చు. 2022 ఏప్రిల్‌లో మన కృష్ణా జిల్లా విడిపోయి విజయవాడ కేంద్రంగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడింది గదా, కైకలూరు, నూజివీడు వైపు ఏలూరు జిల్లాలో చేరాయి. పాత కేసులకు పాత జిల్లా పేరు క్రింద కూడా చూడడం మంచిది.

పేరు దగ్గరే మనవాళ్లకు పెద్ద చిక్కు. బడి సర్టిఫికెట్టులో సుబ్బారావు, సంఘంలో సమూయేలు. పోలీసువారు ఏ పేరు వ్రాసుకున్నారో! పైగా వెబ్‌సైటులో పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో ఉంటాయి. ఒకే ఇంటిపేరును ఇద్దరు గుమాస్తాలు రెండు విధాలుగా వ్రాస్తారు. మా అబ్బాయి తన పూర్తి పేరుతో మూడుసార్లు వెదికినా ఏమీ రాలేదు. ఇంటిపేరులోని మొదటి నాలుగు అక్షరాలు మాత్రం వేసేసరికి కేసు బయటపడింది. దాని చరిత్ర తెరిస్తే, గడచిన వాయిదాలన్నిటి ఎదుట ఒకటే మాట, ఎన్.బి.డబ్ల్యూ. అంటే నాన్ బెయిలబుల్ వారెంటు.

కేసు పెట్టారో లేదో కూడా తెలియనివారు ముందు ఎఫ్.ఐ.ఆర్. చూసుకోవాలి. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఎఫ్.ఐ.ఆర్.లను సాధారణంగా 24 గంటలలో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలి. అత్యాచారం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉన్నది.

ఫోను, నెట్టు తెలియని ఇంటివారు దిగులుపడనక్కరలేదు. మచిలీపట్నం, విజయవాడ, గుడివాడ, అవనిగడ్డ, నందిగామ, ఏ కోర్టు అయితే ఆ కోర్టులో న్యాయవాది ద్వారా బెంచి గుమాస్తాను అడిగిస్తే తెలుస్తుంది. నకలు దరఖాస్తు పెట్టి కాగితం తీసుకోవచ్చు. న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేనివారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండానే ఇస్తారు. ఫోను నంబరు 15100.

వారెంటులో రెండు రకాలున్నవి. బెయిలబుల్ వారెంటు అయితే దాని మీదే ఎంత పూచీకత్తు, ఎంతమంది జామీనుదారులు అని వ్రాసి ఉంటుంది. అది ఇచ్చుకుంటే వదిలిపెడతారు. నాన్ బెయిలబుల్ అయితే కోర్టుకు తీసుకుపోవలసినదే. అప్పుడు కూడా వారెంటులోని విషయం చెప్పాలి, చూపించమంటే చూపించాలి, ప్రయాణకాలం గాక 24 గంటలలో న్యాయాధికారి ఎదుట నిలబెట్టాలి. ప్రత్యేక పరిస్థితులలో తప్ప సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు.

దాగితే ఏమవుతుందని కొందరు అడుగుతారు. పరారీలో ఉన్నాడని కోర్టు నమ్మితే ప్రకటన ఇస్తుంది. దానిని ఊరిలో నలుగురూ చూసే చోట చదివి వినిపిస్తారు, ఇంటికి అంటిస్తారు, కోర్టు దగ్గర అంటిస్తారు. కనీసం 30 రోజుల గడువు ఇస్తారు. ఆపైన ఆస్తి జప్తు కూడా ఉన్నది. మన దేశంలో వారెంటు సంగతి ఊరందరికీ తెలిసేది అప్పుడే. అంతవరకు తెచ్చుకోవడమెందుకు?

ఒక హెచ్చరిక. ఈ మధ్య వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు తొడుక్కొని, "నీ మీద వారెంటు ఉన్నది, డిజిటల్ అరెస్టు చేశాము, డబ్బు పంపు" అని బెదిరించేవారు బయలుదేరారు. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోను లేదు. అటువంటి ఫోను వస్తే పెట్టివేసి 1930కి చెప్పండి.

ఇక మా అబ్బాయి సంగతి. మా న్యాయవాది చెప్పిన మొదటి మాట, "పోలీసులు తీసుకువచ్చేదాకా ఆగవద్దు, తనంతట తాను రావాలి." పనిదినం చూసుకొని, ఉదయమే ఇద్దరు జామీనుదారులతో, ఆధార్ కాగితాలతో కోర్టుకు వెళ్లాము. వారెంటు రీకాల్ పిటిషన్ వేశారు. రద్దు చేయడం, చేయకపోవడం న్యాయాధికారి ఇష్టం, రిమాండుకు పంపినా పంపవచ్చు అని ముందే చెప్పారు. వాళ్లమ్మ మధ్యాహ్నం దాకా మంచినీళ్లు ముట్టలేదు. ఉద్యోగం కోసం ఊరు విడిచాడని, సమన్లు చేతికి అందలేదని చెప్పిన తరువాత, కొంత జరిమానాతో వారెంటు రద్దయింది.

ఇంటికి పోదామని లేవబోతే న్యాయవాది ఆపారు. రద్దు ఉత్తర్వు నకలు తీసుకొనేవరకు కదలవద్దన్నారు. ఆ మాటకు కారణం ఉన్నది. ముంబయిలో ఒక న్యాయవాది మీది వారెంటును కోర్టు రద్దు చేసిన తరువాత కూడా, 2002 ఆగస్టు 15న, సెలవు దినాన పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2011లో తీర్పు ఇస్తూ, ప్రతి కోర్టు తాను ఇచ్చిన వారెంట్లను వరుస నంబరుతో ఒక రిజిస్టరులో వ్రాయాలనీ, స్టేషనులోను అటువంటి రిజిస్టరు ఉండాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయవాదికే ఆ గతి పట్టింది, మనమెంత?

నకలు చేతికి వచ్చాక ఒక ప్రతి స్టేషనులో ఇచ్చి, రెండవ ప్రతి మీద ముద్ర వేయించుకున్నాము. అబ్బాయి దానిని పెండ్లిబట్టల పెట్టెలోనే పెట్టుకున్నాడు. పెండ్లి అనుకున్న రోజునే జరిగింది. కేసు మాత్రం ఇంకా ఉన్నది. వచ్చే లోక్ అదాలత్‌లో ఇతనితో కూడా రాజీకి వస్తానని ఫిర్యాదుదారు పెండ్లి విందులోనే మాట ఇచ్చాడు. ఆయన పొలం బోదెకు ఆ ప్రక్కనే.