'అబ్సెషన్' శబ్దమునకు కారకవిచారము

ఆంగ్లభాషలో 'అబ్సెషన్' అను పదమొకటి కలదు. ఒకే తలంపు మనస్సును విడువక యాక్రమించి యుండుట దాని స్థూలార్థము. దీనిని తెనిగింపబూనినవారికి అభినివేశము, ఏకాగ్రత, పట్టుదల, వ్యసనము అను పదములు వరుసగా తోచుట సహజము. వీనిలో మొదటి మూడును స్తుతివాచకములుగా వాడుకలో నున్నవి. నాలుగవది నింద. ఒక్క మూలపదమునకు స్తుతినిందలు రెండును పర్యాయములగుట యెట్లు? విచారింపదగిన విషయము.

లాటినుభాషలో 'ఒబ్' అనునది 'ఎదుట' అను నర్థమిచ్చు నుపసర్గ. 'సెదెరె' యనగా కూర్చుండుట. ఈ ధాతువును, సభాసదుడు, పరిషత్తు మున్నగు శబ్దములకు మూలమైన మన 'సద్' ధాతువును తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. కోట యెదుట శత్రుసేన విడిసి కదలక కూర్చుండుటయే అబ్సెషన్, అనగా ముట్టడి. ఆంగ్లమున 16వ శతాబ్దిలో నీ పదము ఈ యర్థముతోనే ప్రవేశించినది. పిమ్మట క్రైస్తవమతశాస్త్రజ్ఞులు దీనిని పిశాచబాధకు వర్తింపజేసిరి. పిశాచము వెలుపల నిలిచి పీడించినచో అబ్సెషన్. లోపల ప్రవేశించి దేహమును తానే నడపినచో 'పొసెషన్'. ఈ రెండవదే మన ఆవేశము.

కౌటిల్యుని అర్థశాస్త్రమున పదుమూడవ యధికరణము దుర్గములను చేకొను నుపాయములను చెప్పును. అందు ముట్టడికి వాడబడిన పేరు పర్యుపాసనము. పరి, ఉప అను నుపసర్గలతో గూడిన 'ఆస్' ధాతువు: చుట్టును సమీపమున కూర్చుండుట. లాటినుపదమునకును దీనికిని భావమొక్కటే. విశేష మేమనగా, ఇతరత్ర ఈ పర్యుపాసనశబ్దము భక్తితో సేవించుట యను నర్థము నిచ్చును. దేవుని చుట్టు కూర్చున్నవాడును, కోట చుట్టు కూర్చున్నవాడును ఒకే క్రియకు కర్తలైరి!

ఇక అభినివేశము. 'విశ్' ధాతువునకు 'అభి', 'ని' అను రెండుపసర్గలు కలిసి చేరినపుడు దాని యాధారమునకు కర్మసంజ్ఞ కలుగునని పాణిని మొదటి యధ్యాయము నాల్గవపాదమున విధించెను. అనగా ప్రవేశించువాడు పురుషుడు; ప్రవేశింపబడునది విషయము. సంగీతమున అభినివేశము గలవాడన్నపుడు వాని మనస్సే సంగీతమునకు నడచి పోయినది. పతంజలి యోగశాస్త్రమున నీ పదమును ప్రాణములపై వదలని మమకారమునకు, అనగా మరణభీతికి, పేరు చేసి పంచక్లేశములలో కడపటిదిగా లెక్కించెను. అది విద్వాంసునియందును నుండునని కూడ చెప్పెను. మనము మినహాయింపు కోరుట కవకాశము లేదు. అచ్చటను మనస్సు జీవితమును అంటిపెట్టుకొనుటయే కాని, జీవితము వచ్చి మనస్సును ముట్టడించుట లేదు.

అబ్సెషన్‌లో నీ కారకస్థితి తలక్రిందగును. తలంపు కర్త, పురుషుడు కర్మ. ఆంగ్లేయులు చిరకాలము 'ఆ తలంపు వానిని ముట్టడించినది' అనియు, కర్మణిప్రయోగమున 'వాడు దానిచే ముట్టడింపబడినాడు' అనియు వాడిరి. 20వ శతాబ్దిలో 'వాడు దానిని గూర్చి ముట్టడించుచున్నాడు' అను వింతప్రయోగము వ్యాపించి, ముట్టడింపబడినవాడే కర్తయైనాడు. నాటినుండి క్రికెట్టుపై మక్కువయు, పాదరక్షలపై మోజును ఈ పేరనే చెలామణి యగుచున్నవి.

వైద్యులు మాత్రము ప్రాతకారకమును విడువలేదు. 1877లో జర్మనువైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ ఇట్టి తలంపులను వివరించుచు, అవి రోగి యిచ్ఛకు విరుద్ధముగా వచ్చుననియు, అవి తనకు పరాయివని రోగియే యెరుగుననియు చెప్పెను. అమెరికా మానసికవైద్యసంఘము 2013లో ప్రకటించిన రోగనిర్ణయగ్రంథమును, అవి కోరకయే వచ్చు తలంపులనియు, రోగి వానిని అణచుటకో మరల్చుటకో యత్నించుననియు పేర్కొన్నది. అభినివేశమున ప్రీతి యుండును. ఇందు పీడయే కలదు.

ఈ భేదము పాఠశాలలో కేవల శబ్దచర్చ కాదు. మాటిమాటికి చేతులు కడుగుకొని చర్మము పగిలిన బాలుని 'మడి యెక్కువ' అని నవ్వుదుము. వ్రాసినదే పదిమారులు చెరిపి వ్రాయువానిని 'పట్టుదల గలవాడు' అని మెచ్చుదుము. లేదా చాదస్తమని కొట్టివేయుదుము. (చాదస్తము ఛాందసశబ్దభవము. వేదాధ్యయనపరునికి చెల్లిన గౌరవనామ మీ గతి పట్టినది.) మెప్పును నవ్వును రెండును ఆ బాలుని కర్తను చేయుచున్నవి. వాడు కర్త కాడు. వానికి కావలసినది వైద్యుడు.

తెలుగున 'పట్టు' ధాతువు ఈ రెండుస్థితులను చక్కగా వేరుపరచును. 'వాడు పట్టుపట్టినాడు' అన్న వాడు కర్త. 'వానిని దయ్యము పట్టినది' అన్న వాడు కర్మ. కావున రోగార్థమున 'తలంపుల ముట్టడి' యనుట యుక్తమని నా మతము; మక్కువ మాత్రమే యైనచో యావ, పిచ్చి అను వాడుకమాటలు చాలును. అభినివేశమును దాని గౌరవమున దానిని ఉండనిండు.

ఆ రోగనామమున రెండవపదమైన 'కంపల్షన్'కు నిర్బంధక్రియ యనవచ్చును. అందు రోగి ప్రయోజ్యకర్త. 'వాడు చేతులు కడుగుకొనుచున్నాడు' అని కాక, 'ఆ తలంపు వానిచేత చేతులు కడిగించుచున్నది' అని వాక్యము చెప్పవలెను.