వెన్నుపాము దెబ్బతిన్నవారికి చలికాల సంరక్షణ

కర్నూలు, కడప ప్రాంతములనగానే మండుటెండలే అందరికిని స్ఫురించును. ఇచ్చట చలి యొక సమస్యయా యని అడుగువారును కలరు. కాని మార్గశిర, పుష్య మాసములలో పగలు ముప్పది డిగ్రీల వరకు నున్న వేడిమి తెల్లవారుజామునకు పదునైదు, పదునారు డిగ్రీలకు దిగుట ఈ సీమలో సాధారణమే. గాలిలో తేమ తక్కువ, ఆకాశమున మబ్బుండదు, కావున నేల పగలు గ్రహించిన వేడిని రాత్రి శీఘ్రముగా విడిచివేయును. ఆరోగ్యవంతునకు ఒక దుప్పటితో తీరిపోవు ఈ చలి, వెన్నుపాము దెబ్బతిన్నవానికి ప్రాణము మీదికి తేగలదు.

చింతచెట్టు నుండి జారిపడినవారు, బావిలో పూడిక తీయుచు పడినవారు, బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల నాపరాతి గనుల వంటి చోట్ల బరువు మీదపడి నడుము విరిగినవారు, రోడ్డు ప్రమాదములకు గురియైనవారు ఇట్టి స్థితికి లోనగుదురు. పెక్కుమంది పనిచేయు వయస్సులోనివారే. వీరి చలికాల సంరక్షణమును గూర్చి ప్రతి పంచాయతీ సభ్యుడును కొంత తెలిసికొనుట అవసరము.

శరీరము చలిని ఎట్లు ఎదుర్కొనును?

మన శరీరపు వేడిమి దాదాపు 37 డిగ్రీలు. చలి తగులగానే చర్మము ఆ వార్తను వెన్నుపాము ద్వారా మెదడునకు పంపును. మెదడు తిరిగి ఆ మార్గముననే ఆజ్ఞలు పంపును. అంతట చర్మములోని రక్తనాళములు ముడుచుకొని వేడిని లోపల నిలుపును. కండరములు వణకి క్రొత్త వేడిని పుట్టించును.

వెన్నుపాము దెబ్బతిన్నచో ఈ రాకపోకలు నిలిచిపోవును. కర్నూలు - కడప కాలువకు ఎగువన గండి పడినచో ఆయకట్టులో అధికభాగమునకు నీరందదు. దిగువన పడినచో కొన్ని చేలకే నష్టము. ఇదియు అట్టిదే. నడుమువద్ద దెబ్బతిన్నవారికి ముఖ్యముగా నడుము దిగువభాగమే మెదడు అదుపు తప్పును. మెడవద్దగాని, ఛాతీభాగపు ఆరవ వెన్నుపూసకు పైనగాని దెబ్బతిన్నవారికి శరీరములో అధికభాగము అదుపు తప్పును. అట్టివారి ఒంటివేడి చుట్టునున్న గాలి ననుసరించి తగ్గుచు పెరుగుచుండును. కాళ్ళు మంచువలె చల్లబడినను వారికి తెలియదు. కావున "నాకు చలిగా లేదు" అని వారు చెప్పిన మాటపై మాత్రమే ఆధారపడరాదు.

చలికంటె చలి కాచుటయే ప్రమాదము

ఇంటివారు ప్రేమతో చేయు ఉపచారమే ఒక్కొక్కప్పుడు కీడగుచున్నది. మంచము క్రింద కుంపటి పెట్టుట, కాళ్ళవద్ద వేడినీటి సీసా ఉంచుట, కాచిన ఇటుకను గుడ్డలో చుట్టి పాదములకు ఆనించుట మన పల్లెలలో కలదు. స్పర్శ లేని చర్మము కాలినను నొప్పి తెలియదు. కాలు వెనుకకు లాగుకొనుటయు సాధ్యము కాదు. మన చేతికి ఓర్వదగినదిగా తోచు వేడి సైతము గంటల తరబడి ఒకేచోట ఆనియున్నచో చర్మమును కాల్చివేయును. తెల్లవారి దుప్పటి తీసి చూచునప్పటికి బొబ్బలెక్కియుండును. ఇట్టి పుండ్లు త్వరగా మానవు. చీము ఎముక వరకు చేరిన ప్రాణాపాయము. ఇక తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి విడుచు విషవాయువు ఇంటిల్లిపాదికిని ప్రమాదకరము.

పాటింపదగిన పద్ధతులు

వేడిని ఒంటికి ఆనించుటకంటె, ఒంటిలోనున్న వేడిని పోనీయకుండుట మేలు. దళసరి వస్త్ర మొక్కటి కప్పుటకన్న పలుచని వస్త్రములు రెండు మూడు ఒకదానిపై నొకటి తొడుగుట మంచిది. తలకు టోపి, పాదములకు వదులైన మేజోళ్ళు వేయవలెను. కంబళి కప్పుటకు ముందు దాని క్రింద నూలుదుప్పటి పరచినచో గరుకు తగులదు. ఒంటి క్రింద మడతలు లేకుండ చూడవలెను.

నాపబండలు పరచిన నేల వేసవిలో హాయి. చలికాలమున అదే ఒంటివేడిని పీల్చివేయును. కావున నేలపై పరుండబెట్టక మంచముపై మందమైన పరుపు వేయవలెను. బట్టలుగాని, పక్కగాని తడిసినచో వెంటనే మార్చవలెను. చలిగానున్నదని రాత్రులందు ప్రక్కకు తిప్పుట మానరాదు. రెండు గంటలకొకసారి తిప్పనిచో ఒరిపిడి పుండ్లు పుట్టును.

స్నానము మధ్యాహ్నమున చేయించుట మేలు. నీటి వేడిని స్పర్శ గలవారు మోచేతితో పరీక్షించిన పిదపనే పోయవలెను. ఉదయపు ఎండలో కొంతసేపు కూర్చుండబెట్టవచ్చును. తడుపు మార్చు శ్రమకు వెరచి నీరు త్రాగుట తగ్గించువారు కలరు. అందువలన మూత్రకోశపు వ్యాధులు కలుగును. చలికి మద్యము మందని తలచుట పొరపాటు. అది చర్మపు రక్తనాళములను వెడల్పుచేసి ఒంటివేడిని వెలుపలికి పంపివేయును. ప్రతి ఉదయమును, రాత్రియు పాదములు, మడమలు, పిరుదులు కంటితో పరీక్షించవలెను.

ప్రమాద సూచనలు

ఇంట నొక జ్వరమాపకముండవలెను. వేడిమి 35 డిగ్రీలకు తగ్గినను, మాట ముద్దయైనను, మత్తుగా పడియున్నను పొడిబట్టలు కప్పి, వెంటనే 108 వాహనమును పిలువవలెను. నిప్పు దగ్గర పెట్టరాదు.

ఛాతీ ఆరవ వెన్నుపూసకు పైన దెబ్బతిన్నవారికి మరొక గండము కలదు. ఉన్నట్టుండి తల పగులునట్లు నొప్పి, ముఖమున చెమట కనిపించినచో రక్తపుపోటు ఎగసినదని అనుమానించవలెను. బిగుతుబట్టలు, మూత్రకోశము నిండియుండుట, మలబద్ధకము, తెలియక తగిలిన కాలుడు గాయము దీనికి కారణములు కావచ్చును. నిటారుగా కూర్చుండబెట్టి, బట్టలు వదులుచేసి, మూత్రపు గొట్టము మడతపడినదేమో చూచి, ఆలసింపక వైద్యసహాయము పొందవలెను.

జాగ్రత్తతో జీవితము

నిత్యసంరక్షణ యున్నచో ఇట్టివారు చిరకాలము జీవింపగలరు, పనియు చేయగలరు. 1954లో కారు ప్రమాదమున కాళ్ళ చలనము కోల్పోయిన వైద్యురాలు మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. అమెరికాలో ప్రత్యేక శిక్షణ పొంది వచ్చి, మన సీమకు పొరుగుననున్న వేలూరులో పునరావాస చికిత్సకు పునాది వేసిరి. అచ్చటి పునరావాస సంస్థ 1966లో ప్రారంభమైనది. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించినది.

పంచాయతీల కర్తవ్యము

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో వికలాంగుల సంక్షేమము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చబడినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వీరి హక్కులను స్థిరపరచినది. మంచమునకో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారి నెలసరి పింఛనును రాష్ట్ర ప్రభుత్వము 2024లో 15,000 రూపాయలకు పెంచినది. వైద్య ధ్రువపత్రము లేక అర్హులెవ్వరును దీనికి దూరము కాకుండ సభ్యులు తోడ్పడవలెను.

కార్తీకమాసము ముగియకమునుపే గ్రామములో ఇట్టివారెందరున్నారో జాబితా వ్రాయుడు. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని ఒక్కొక్క ఇంటికి వెళ్ళుడు. పరుపు, కంబళి, జ్వరమాపకము కలవా? తలుపు సందులనుండి గాలి వీచుచున్నదా? మంచము క్రింద కుంపటి కలదా? ఎండలోనికి వచ్చుటకు గడపవద్ద వాలుబాట కలదా? ఈ నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును. వీనిలో చాలవరకు గ్రామములోనే, స్వల్పవ్యయముతో సరిదిద్దదగినవి. తన ఒంటికి తగులు చలినిగాని నిప్పునుగాని ఎరుగలేని మనిషికి ఇరుగుపొరుగుల కన్నులే కావలి. ఆ కావలి ఏర్పాటు చేయుట పంచాయతీ ధర్మము.