ఫైలు వచ్చింది, తెలుగు రాలేదు

రాజమండ్రి, కాకినాడ, భీమవరం డీటీపీ సెంటర్లలో శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో తయారయ్యాయి. పాత పని మళ్లీ కావాల్సి వచ్చి బ్యాకప్ తెరిస్తే, ఫైలు చెక్కుచెదరకుండా వస్తుంది. తెరమీద మాత్రం తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి.

తప్పు బ్యాకప్‌ది కాదు. దానికి తెలిసినవి బైట్లే. వాటిని ఒక్కటీ పోకుండా తిరిగిచ్చింది. అసలు అనూ ఫైల్లో తెలుగు అక్షరాల సంకేతాలే ఉండవు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెలుంటాయి; ఆ స్థానాల్లో గుడులు, కొమ్ములు, ఒత్తుల ఆకారాలు పెట్టింది ఫాంటు. సాధారణంగా పనులు డీ డ్రైవులో, ఫాంట్లు సీ డ్రైవులో ఉంటాయి. బ్యాకప్ తీసింది డీ డ్రైవుకే అయితే తెలుగులో సగం బయటే మిగిలిపోయినట్టు. పేజ్‌మేకర్ సంగతీ అంతే: 2001 నాటి 7.0 తర్వాత దానికి కొత్త పెద్ద వెర్షన్ లేదు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కూ వయసు మీరుతుంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఎన్‌టీబ్యాకప్ అన్నిటినీ కలిపి ఒకే బీకేఎఫ్ ఫైలుగా కట్టేది. విస్టాలో దాన్ని తీసేశారు. ఆ మూట విప్పడానికి మైక్రోసాఫ్ట్ వేరే పనిముట్టు ఇవ్వాల్సి వచ్చింది.

యూనికోడ్‌లోకి మారినా చిక్కులు పూర్తిగా తీరవు. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. విండోస్ ఫైలు పేరులో 255 సంకేతాల దాకా పడతాయి. లైనక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4కు హద్దు 255 బైట్లు, అంటే సుమారు 85 తెలుగు సంకేతాలు. వధూవరుల పేర్లు, ఊరు, తేదీ అన్నీ కలిపి పెట్టిన పేరు విండోస్‌లో సరిపోయి, అలాంటి బ్యాకప్ డిస్కులో పట్టకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును వదిలేసి, సంగతి ఎవరూ తెరవని లాగ్‌లో రాసి ఊరుకుంటే, అది లేదని తెలిసేది కావాల్సిన రోజునే.

పెద్ద సంస్థలకూ ఈ దెబ్బ తగిలింది. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచే గిట్‌ల్యాబ్ సంస్థలో డేటాబేస్ పొరపాటున చెరిగిపోయింది. రోజూ బ్యాకప్ తీయాల్సిన ప్రోగ్రాం వెర్షన్ పొసగక అంతకుముందు నుంచే విఫలమవుతోంది; హెచ్చరిక మెయిళ్లు ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన వేరే నకలు దొరికింది.

మన గోదావరి డెల్టాలో ఇంకో లెక్క ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కంప్యూటరూ బ్యాకప్ డిస్కూ ఒకే గదిలో ఉంటే అవి రెండు నకళ్లని నేను ఒప్పుకోను. ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. క్లౌడ్ మేలే. అయితే సింక్ అయ్యే ఫోల్డరులో ఇక్కడ చెరిపింది అక్కడా చెరుగుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్ట 30 రోజులకే ఖాళీ అవుతుంది.

అందుకని ప్రతి పని పక్కన ఫాంట్లు, వాటిని పొదిగిన పీడీఎఫ్, యూనికోడ్ పాఠం కూడా దాచాలి. తర్వాత అనూ ఫాంట్లు లేని వేరే కంప్యూటర్లో ఏదో ఒక పాత పనిని తిరిగి రప్పించి, ఒక పేజీ ప్రింటు తీయాలి. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాములున్నాయి గానీ ఒత్తుల దగ్గర తడబడతాయి. పీడీఎఫ్ ఎదురుగా పెట్టుకుని ప్రూఫు దిద్దాల్సిందే.